ప్రాచీన ఈజిప్టు సంగీతం: యూట్యూబ్‌లో వినిపించేది నిజంగా వాళ్ళదేనా?

గవ్వలమూట
2021 ఏప్రిల్‌లో కైరోలో రాజులు రాణులు కలిపి 22 మమ్మీల్ని పాత మ్యూజియం నుంచి కొత్తదానికి ఊరేగించారు కదా, ఆ వీడియో నిన్న రాత్రి మళ్ళీ చూశాను. మధ్యలో ఒకావిడ పాత ఈజిప్టు భాషలో పాడుతుంది, ఒళ్ళు జలదరించింది. సరే అని కింద కామెంట్లు చూస్తే సగం మంది "3000 ఏళ్ళనాటి ట్యూన్ ఇది" అంటున్నారు, పక్కన సజెషన్స్‌లోనేమో "ఫారోలు విన్న అసలు సంగీతం, 432 హెర్ట్జ్, హాయిగా నిద్ర పడుతుంది" అని గంటలకొద్దీ వీడియోలు. తీరా పెట్టి చూస్తే అరబ్బుల ఊద్ అనే తీగవాయిద్యం, కీబోర్డు, వెనకాల ఎడారి గాలి సౌండు. నా డౌట్ ఒకటే, వాళ్ళ పాట ఒక్కటైనా ట్యూన్‌తో సహా మిగిలిందా? మిగల్లేదంటే మనకి తెలిసిందేంటి మరి? తెలిసినోళ్ళు చెప్పండి, లింకులు పడేసి పోవద్దు.

అర్ధరాత్రి_కాఫీ
432 అని కనపడగానే స్క్రోల్ చేసెయ్ బ్రో. నిద్ర మాత్రం గ్యారంటీ, అది నిజం.

పాత_పేజీలు
ఒక్క ట్యూన్ కూడా మిగల్లేదు. ఆ ఊరేగింపు పాటలో మాటలు మాత్రం అసలువే, లక్సర్ దగ్గర డేర్ షెల్విత్ అని ఐసిస్ దేవత చిన్న గుడి ఉంది, దాని గోడల మీది స్తోత్రం. ఆ గుడి కూడా రోమన్లు ఏలిన కాలందే. ట్యూన్ కట్టింది హిషామ్ నజీహ్ అని ఇప్పటి సినిమా మ్యూజిక్ డైరెక్టర్, పాడింది అమీరా సలీమ్. పైగా ఆ లిపిలో అచ్చులు రాయరు, హల్లులే. కాబట్టి ఆవిడ పలికిన ఉచ్చారణ కూడా తర్వాతి కాలం కోప్టిక్ భాషని బట్టి పండితులు కట్టిన అంచనా.

ట్యూన్ తప్ప మిగతావన్నీ ఉన్నాయి, అదే బాధ. హార్ప్‌లు, పిల్లనగ్రోవులు, డప్పులు సమాధుల్లో దొరికాయి. గోడల నిండా కచేరీ బొమ్మలు. పాటల సాహిత్యం ఉంది. ఆఖరికి పాడినోళ్ళ పేర్లూ ఉన్నాయి. హాత్‌షెప్సుత్ రాణి కాలంలో, అంటే దాదాపు 3500 ఏళ్ళ కిందట, సెనెన్‌ముత్ అనే పెద్ద అధికారి దగ్గర హర్మోస్ అని పాటగాడు ఉండేవాడు. డేర్ ఎల్ బహ్రీ దగ్గర అతని శవపేటిక దొరికింది, పక్కనే అతని లూట్. పొడుగాటి మెడ, మూడు తీగలు, మీటే పుల్ల ఎక్కడా పడిపోకుండా దారంతో వాయిద్యానికే కట్టేసి ఉంది. రోజూ వాయించే మనిషి చేసుకునే ఏర్పాటు అది.

డోలు_దొర
పిరమిడ్ కొలతలు అంత పక్కాగా వేసినోళ్ళకి సరిగమలు రాసుకోవడం చేతకాలేదా? నమ్మబుద్ధి కావట్లే.

స్వరలహరి
చేతకాక కాదు దొరగారూ, అవసరం పడలేదు. మా అమ్మమ్మకి బోలెడు కీర్తనలు వచ్చు, ఒక్కదానికీ స్వరాలు రాసుకోలేదు, వాళ్ళ పిన్ని దగ్గర విని నేర్చుకుంది, నేను అమ్మమ్మ దగ్గర విని నేర్చుకున్నా. ఎదురుగా కూర్చుని నేర్పే చోట కాగితంతో పనేంటి.

కానీ వాళ్ళ దగ్గర ఇంకోటి ఉంది. పిరమిడ్ల కాలం సమాధుల్లో చూడండి, హార్ప్ వాయించేవాడి ఎదురుగా పాడేవాడు కూర్చుని ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటాడు, రెండో చేత్తో ఏదో సైగ చేస్తుంటాడు. బొటనవేలు చూపుడువేలు కలిపి ఒకచోట, అరచెయ్యి పైకి తిప్పి ఇంకోచోట. ఇవి స్వరాల గుర్తులని, పాడేవాడే వాయించేవాళ్ళకి ఏ స్వరం పట్టాలో చూపిస్తున్నాడని హాన్స్ హిక్‌మన్ అనే జర్మన్ పండితుడు చాలా లోతుగా పనిచేశాడు. అందరూ ఒప్పుకోలేదు.

డోలు_దొర
తాళం వేస్తున్నాడేమో సింపుల్‌గా. దానికింత రీసెర్చా.

స్వరలహరి
తాళం అయితే చెయ్యి కదలాలి, బొమ్మలో కదలదు కదండీ, అక్కడే వచ్చింది తంటా అంతా.

కువైట్_కృష్ణ
నేను లక్సర్ వెళ్ళినప్పుడు నఖ్త్ అనేటాయన సమాధి చూసిన. అందరూ టుటన్‌ఖామున్ దగ్గర లైన్ కడతరు, దీనికెవ్వడూ రాడు. మన పాత ఇండ్లల్ల దేవుడర్ర ఎంతుంటదో గంతే ఉంటది లోపల, గోడకి అద్దం పెట్టిన్రు. ముగ్గురు అమ్మాయిలు నిలబడి వాయిస్తుంటరు. ఒకామె తెల్లబట్టల పెద్ద హార్ప్, ఇంకొకామె జోడు గొట్టాలు, నడుమల ఉన్నామెకి లూట్, ఒంటిమీద నగలు తప్ప ఏం లేవు, మెడ ఎనకకి తిప్పి ఎనకున్నామెతోని ఏదో అంటున్నట్టు ఉంటది. పాట నడుమల సైగ చేసుకుంటరు సూడు, గట్ల. 3400 ఏండ్ల కింద గీసిండంటే నమ్మలేవు. అదే గోడల ఇంకో దిక్కు గుడ్డి హార్పు తాత కూసొని ఉంటడు, పొట్ట మడతలు, కన్ను బదులు ఒక్క గీత, అరికాలు మనకి కనిపిస్తట్టు తిప్పి. అమ్మాయిల కన్నా నాకు ఆయనే గుర్తున్నడు.

అర్ధరాత్రి_కాఫీ
కృష్ణన్నా నమ్మాం. తాతే గుర్తున్నాడు.

కువైట్_కృష్ణ
మా ఇంటామె కూడ ఈ గ్రూపుల ఉన్నది తమ్మీ, గందుకే తాత గుర్తున్నడు.

పల్నాటి_పావని
వాళ్ళ నెత్తిమీద ఇడ్లీలాంటివి ఉంటాయి కదా అవేంటి? చిన్నప్పటి నుంచీ డౌట్.

పాత_పేజీలు
@పల్నాటి_పావని సువాసన శంకువులంటారు. ఉత్త బొమ్మల్లో గీసే గుర్తేనని చాలామంది అనుకునేవాళ్ళు, 2019లో ఈజిప్టులోనే అమర్నా అనే చోట శ్మశానంలో తలమీద మైనపు శంకువుతో పాతిపెట్టిన వాళ్ళు బయటపడ్డారని పేపర్ వచ్చింది. కచేరీ సంగతికి వద్దాం.

గుడ్డి హార్పువాడు ఒక్క నఖ్త్ దగ్గరే కాదు, చాలా సమాధుల్లో కనిపిస్తాడు. వీళ్ళంతా నిజంగా చూపు లేనివాళ్ళా, లేక దేవుడి ముందు చూడకూడదని అలా గీశారా అని పెద్ద చర్చ ఉంది. అమర్నా బొమ్మల్లో కొందరు వాయిద్యగాళ్ళకి ఏకంగా కళ్ళకి గంతలే కట్టి ఉంటాయి.

గోదారి_గట్టు
అందులో అంత గుర్తూ పాడూ ఎందుకండి? కళ్ళు లేని మనిషికి ఆ రోజుల్లో పొలం పనివ్వరు, రాతపని చెయ్యలేడు, మరి చేతికి మిగిలేది పాటే. మా ఊరి రామాలయంలో భజనకి హార్మోనియం వాయించే పెద్దాయనకి పుట్టుకతో చూపు లేదండి, ఊరందరికీ పాటలు ఆయన దగ్గరే వచ్చాయి. ఎండ, ఈగలు, కళ్ళజబ్బులు ఆ దేశంలో ఎప్పుడూ ఉన్నవేగా.

స్వరలహరి
గోదారి గారి మాటే నాకూ సబబుగా ఉంది, కానీ గంతలు కట్టిన బొమ్మలకి మాత్రం అది జవాబు కాదండి. చూపున్నవాడికే కదా గంతలు కడతారు.

మైసూరుపాక్_మధు
హార్పువాళ్ళ పాట సంగతి ఎవరూ ఎత్తలేదేంటి. ఇంతెఫ్ రాజు సమాధిలోదని చెప్పే పాట ఒకటి పపైరస్ (రెల్లుతో చేసిన పాత కాగితం) మీద మిగిలింది, సఖారాలోని ఒక సమాధి గోడమీద కూడా కొంత ఉంది, ఆ గోడ ఇప్పుడు హాలండ్‌లో లైడెన్ మ్యూజియంలో ఉంది. సారాంశం ఏంటంటే, పోయినవాళ్ళెవరూ తిరిగొచ్చి అక్కడ ఎలా ఉందో చెప్పలేదు, గొప్ప గొప్ప పండితుల సమాధుల గోడలే కూలిపోయాయి, ఇప్పుడవి ఎక్కడున్నాయో కూడా తెలీదు, అందుకని తలకి అత్తరు రాసుకో, మంచి బట్ట కట్టుకో, ఉన్న రోజు సంతోషంగా గడుపు, ఎవడూ తన సొమ్ము వెంట తీసుకుపోలేదు. ఇది మమ్మీలు చేయించుకుని, సామాన్లన్నీ పక్కన సర్దించుకుని, పైనుంచి సమాధి గోడ మీద చెక్కించుకున్న పాట! ఎంత ధైర్యమో చూడండి.

అర్ధరాత్రి_కాఫీ
ఎల్ఐసీ ఆఫీసు గోడమీద "రేపన్నది ఎవరికి తెలుసు, ఎంజాయ్" అని రాసినట్టు.

మైసూరుపాక్_మధు
ఇంకా ఉంది ఆగు. తర్వాత లక్సర్‌లోనే నెఫెర్‌హోతెప్ అనే పూజారి సమాధిలో ఇంకో హార్పు పాట ఉంది, అది దీనికి డైరెక్టు కౌంటర్. పాత సమాధుల్లో ఉన్న ఆ పాటలు నేను విన్నాను, బతికి ఉన్నదాన్ని పొగిడి పరలోకాన్ని ఎందుకలా చిన్నచూపు చూస్తున్నారు, అక్కడ కొట్లాటలు లేవు, మనవాళ్ళంతా అక్కడే ఉన్నారు, చివరికి అందరం చేరేది అక్కడికే అని. రాతిమీద చెక్కిన రిప్లై. అడ్మిన్ డిలీట్ చెయ్యలేడు.

డోలు_దొర
ఇది బాగుంది. ఇప్పటిదాకా చదివినవాటిలో ఇదే నచ్చింది.

బ్యాండుమేళం_బుజ్జి
ట్రంపెట్ గురించి నేను చెప్తా, మాది పెళ్ళిళ్ళ బ్యాండు, ఇరవై ఏళ్ళుగా ఊదుతున్నా. టుటన్‌ఖామున్ సమాధిలో రెండు బూరలు దొరికినయ్, ఒకటి వెండిది, 58 సెంటీమీటర్లు, ఇంకోటి రాగి కలిపిన లోహం, కొంచెం పొట్టిది. రెండిటికీ లోపల సరిగ్గా పట్టే చెక్క గూటాలు, రేకు సొట్ట పోకుండా దూర్చి పెట్టేవాళ్ళు, ఆ గూటాలకి తామరపువ్వు రంగులేశారు. పనోడు ఆలోచించే పద్ధతి చూడండి, మేం ఇప్పటికీ బూర మూతిలో గుడ్డలు కుక్కి బండెక్కిస్తాం.

1939 ఏప్రిల్‌లో బీబీసీ వాళ్ళు కైరో మ్యూజియం నుంచి రేడియోలో లైవ్ వాయించారు. జేమ్స్ టాపర్న్ అని మిలట్రీ బ్యాండు ఆయన. ఆ రికార్డింగు నెట్‌లో ఉంది, వినండి. కానీ అందులో మోసం ఒకటుంది, పాత బూరలకి మౌత్‌పీస్ ఉండదు, చివర ఒక రింగు అంతే. ఆయన ఇప్పటి మౌత్‌పీస్ పెట్టి ఊదాడు కాబట్టి అన్ని స్వరాలు పలికాయి. ఉత్త రింగు మీద పెదవి ఆనించి ఊదితే ఒకటో రెండో గట్టిగా వస్తాయి, పైవి రావు, బలవంతం చేస్తే పెదాలు వాస్తాయి. వాళ్ళకి అవే చాలు, సైన్యానికి సైగ ఇవ్వడానికి పాటెందుకు, దరువు మార్చి ఊదితే "నడు", "ఆగు" తెలిసిపోద్ది.

గవ్వలమూట
సూపర్ బుజ్జన్నా. అంటే ఈజిప్టు వాళ్ళ వాయిద్యం అసలు ధ్వని ఆ రికార్డింగ్‌లో ఉన్నట్టా లేనట్టా?

బ్యాండుమేళం_బుజ్జి
లోహం గొంతు వాళ్ళది, ఊదింది ఇంగ్లీషోడి పద్ధతి. సగం సగం.

పల్నాటి_పావని
అది ఊదిన కొన్ని నెలలకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, శాపం అంటారు కదా. 2011లో కైరో గొడవలకి ముందు కూడా ఎవరో ఊదారని చదివాను.

పాత_పేజీలు
1939లో ఊదకపోతే హిట్లర్ ఇంట్లో కూర్చునేవాడా పావనిగారూ. 2011 జనవరిలో గొడవల మధ్య ఆ రాగి బూర మ్యూజియం నుంచి దొంగిలించారు, కొన్ని వారాలకి దొరికింది, అదీ రికార్డులో ఉన్న కథ. మిగతాది వాట్సాప్.

ఇంకో తమాషా చెప్తా. ఈజిప్టులో కొన్ని ఊళ్ళవాళ్ళు బూర అసలు ఊదేవాళ్ళు కాదని ప్లూటార్క్ అనే పాత గ్రీకు రచయిత రాశాడు. కారణం ఏంటంటే దాని శబ్దం గాడిద ఓండ్ర పెట్టినట్టు ఉంటుందని. గాడిద సేత్ దేవుడి జంతువు, సేత్ ఒసిరిస్‌ని చంపినవాడు, కాబట్టి ఆ గొంతు వినపడకూడదు.

అర్ధరాత్రి_కాఫీ
బుజ్జన్నా ఏమంటావ్.

బ్యాండుమేళం_బుజ్జి
మా పక్కవీధి బ్యాండు గురించి రాసుంటాడు.

ఆడిస్_మాష్టారు
నేను చాలా ఏళ్ళు ఇథియోపియాలో యూనివర్సిటీలో పాఠాలు చెప్పాను, మనవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళం అక్కడ. ఎవరూ సిస్ట్రమ్ ఊసెత్తలేదు కాబట్టి రాస్తున్నాను. హాథోర్ దేవతకి ఇష్టమైన వాయిద్యం అది. చేతిపిడి, పైన గుర్రపునాడా ఆకారంలో లోహపు చట్రం, అడ్డంగా కడ్డీలు, వాటికి చిన్న బిళ్ళలు, ఆడిస్తే గలగలమంటుంది. ఇంకో రకం పైభాగం చిన్న గుడి ఆకారంలో ఉంటుంది. నైలు ఒడ్డున పపైరస్ దుబ్బుల్లోంచి ఆవు నడిచొస్తే ఆకుల గలగల వినిపిస్తుందే, ఆ శబ్దమని అంటారు, హాథోర్ గోరూపం కదా. దెందెరాలో ఆవిడ గుడి స్తంభాలే సిస్ట్రమ్ ఆకారంలో నిలబెట్టారు. ఆవిడ కొడుకు ఇహీ చేతిలో కూడా అదే. కోపం వచ్చిన దేవతని చల్లబరచడానికి దాన్ని ఆడించేవారు.

తర్వాత ఐసిస్ పూజతో పాటు సిస్ట్రమ్ రోమ్ దాకా వెళ్ళింది. ఈజిప్టులో గుళ్ళు మూతపడ్డాక అక్కడ మాయమైంది కానీ ఇథియోపియా చర్చిలో ఇప్పటికీ బతికే ఉంది, సెనాసిల్ అంటారు. తిమ్‌కత్ పండక్కి తెల్లబట్టల్లో వందలమంది వరసగా నిలబడతారు, ఒక చేతిలో పొడుగాటి ఊతకర్ర, ఇంకో చేతిలో సెనాసిల్, మధ్యలో పెద్ద డోలు. నెమ్మదిగా మొదలుపెట్టి ఊగుతూ ఊగుతూ వేగం పెంచుతారు. సెనాసిల్‌కి బిళ్ళలు తక్కువే, కానీ అంతమంది ఒకేసారి ఆడిస్తే ఒంట్లో ఎముకలదాకా తగులుతుంది ఆ చప్పుడు. గవ్వలమూటా, నువ్వు వెతుకుతున్న దానికి అతి దగ్గరగా ఏదైనా ఉందంటే అది యూట్యూబ్ ఫారో వీడియో కాదమ్మా, ఇది.

గవ్వలమూట
మాష్టారూ ఇది నాకు అస్సలు తెలీదు. ఇప్పుడే వెతుకుతా.

స్వరలహరి
గుళ్ళో ఆడవాళ్ళు సిస్ట్రమ్ ఆడిస్తూ పాడేవాళ్ళు కదా, అంటే మన దేవదాసీల లాంటి వ్యవస్థేనా మాష్టారూ?

పాత_పేజీలు
నేను చెప్పనా. ఆ పోలిక అందరూ తెస్తారు, కుదరదు. "ఆమున్ గాయని" (ఆమున్ అక్కడి దేవుడు) అనే బిరుదు ఉన్నవాళ్ళలో చాలామంది పెద్ద అధికారుల భార్యలు, కూతుళ్ళు, పిల్లాపాపలతో ఇంట్లో కాపురం చేసుకునేవాళ్ళే. వంతు వచ్చినప్పుడు గుడికెళ్ళి పాడి వచ్చేవాళ్ళు. 2012లో రాజుల లోయలో బాసెల్ యూనివర్సిటీ వాళ్ళు కేవీ64 అనే సమాధి తెరిచారు, అందులో నెహ్మెస్ బాస్తెత్ అనే గాయని మమ్మీ చెక్కుచెదరని పేటికలో ఉంది, ఈజిప్టు రాజుల్లో 22వ వంశం కాలంది. వాళ్ళ నాన్న కూడా కర్ణాక్ గుళ్ళో ఉద్యోగే. రాజుల కోసం తవ్విన లోయలో పాట పాడే అమ్మాయికి చోటు దొరికిందంటే ఆ బిరుదుకున్న గౌరవం అది.

పల్నాటి_పావని
ఊరూరా తిరిగి ఆడిపాడేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు కానీ. బెర్లిన్‌లో ఉన్న వెస్ట్‌కార్ పపైరస్‌లో కథ. రుద్దెదెత్ అనే ఆవిడకి కాన్పు కష్టమవుతుంటే ఐసిస్, నెఫ్తిస్ ఇంకొందరు దేవతలు ఊరూరా తిరిగే మేళం ఆడవాళ్ళలా వేషం కట్టి వస్తారు. మొగుడు నడికట్టు తిరగేసి కట్టుకుని కంగారుగా గుమ్మంలో నిలబడి ఉంటాడు. ముగ్గురు మగపిల్లల్ని పుట్టించి, ఇచ్చిన బార్లీ మూటలో రాజకిరీటాలు దాచి, మళ్ళీ వచ్చి తీసుకుంటామని గదిలో పెట్టి వెళ్ళిపోతారు. తర్వాత పనమ్మాయి గింజల కోసం ఆ గదిలోకి వెళ్తే మనుషులెవరూ లేకుండా లోపల పాట, వాయిద్యం, కేకలు, రాజు పుట్టినప్పటి సందడంతా వినిపిస్తుంది. రుద్దెదెత్ వచ్చి ఎక్కడినుంచి వస్తోందా అని గదంతా వెతుక్కుంటూ చివరికి బార్లీ మూటకి చెవి ఆనిస్తుంది, అందులోంచే. నాకు ఎంత ఇష్టమో ఈ సీన్.

అర్ధరాత్రి_కాఫీ
మొదటి బ్లూటూత్ స్పీకర్.

కడప_కుర్రోడు
యాడికిపోయినా గుళ్ళు, రాజులేనా. మామూలు జనం పాడుకున్యా పాటలేమన్నా ఉండాయా?

గోదారి_గట్టు
ఉన్నాయండి, నాకు ఇందులో ఇష్టమైంది అదే. ఎల్ కాబ్ అనే చోట పహేరి అని ఒక అధికారి సమాధి ఉందండి. అందులో కళ్ళం తొక్కించే బొమ్మ. ఎద్దులు గుండ్రంగా తిరుగుతుంటాయి, తోలేవాడు వెనకాల, పైన వాడు పాడే పాట రాసి ఉంది. తొక్కండి మీకోసమే తొక్కండి, తొక్కండి మీకోసమే తొక్కండి ఎద్దుల్లారా, గడ్డి మీ మేతకి, గింజలు మీ యజమానులకి, అలిసిపోకండి, ఈ పూట చల్లగా ఉంది. అంతేనండి పాట. మా తాతగారి హయాంలో మేమూ పశువులతోనే తొక్కించేవాళ్ళం, మాటలు వేరేగానీ ఇలాగే ఒకే లైను తిప్పి తిప్పి అంటూ ఉంటే పశువు ఆగదు, మనిషికీ కునుకు రాదు. పొలంలో కోతకోసే చోట పిల్లనగ్రోవి పట్టుకుని ఒకడు ఊదుతూ నిలబడే బొమ్మలు కూడా పాత సమాధుల్లో ఉన్నాయి, వాడు కొడవలి ముట్టుకోడు, ఊదడమే వాడి పని.

కడప_కుర్రోడు
గడ్డి మీకు గింజలు మాకు అని ఎద్దుకే పాడి చెప్తాండారే. మోసం కూడా రాగం తీసే చేసినారు.

తబలా_తమ్ముడు
స్కూళ్ళలో పిల్లలచేత కాపీ రాయించే పాఠాల్లో ఒకటి ఉంది. చదువు వదిలేసి వీధులు పట్టి తిరుగుతున్నావ్, నీ దగ్గర బీరు వాసన, పిల్లనగ్రోవికి పాడ్డం నేర్చావ్, లైర్‌కి (అదో తీగవాయిద్యం) రాగం తీయడం నేర్చావ్, మెళ్ళో పూలదండేసుకుని అమ్మాయిల మధ్య కూర్చుని పొట్టమీద దరువేస్తున్నావ్ అని తిట్టే తిట్టు. 3200 ఏళ్ళ కిందటిది.

అర్ధరాత్రి_కాఫీ
మా నాన్న ఇంటర్ రిజల్ట్స్ రోజు ఇదే అన్నాడు, పొట్ట బదులు బెంచీ.

మైసూరుపాక్_మధు
పండగలు కూడా తక్కువ తినలేదు. బుబాస్తిస్‌లో బాస్తెత్ దేవత తిరనాళ్ళకి జనం పడవల మీద వెళ్ళేవాళ్ళని పాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కొందరు ఆడవాళ్ళ చేతుల్లో చిడతలు, కొందరు మగాళ్ళు గొట్టాలు ఊదుతూ, మిగతావాళ్ళు పాడుతూ చప్పట్లు. దారిలో ఊరు వస్తే పడవ ఒడ్డుకి దగ్గరగా తిప్పి అక్కడి ఆడవాళ్ళని కేకలేసి ఎగతాళి చేసేవాళ్ళు. ఏడాది మొత్తంలో తాగినదానికన్నా ఎక్కువ సారా ఆ ఒక్క తిరనాళ్ళలోనే తాగేవాళ్ళట. ఏడు లక్షల మంది వస్తారని అక్కడివాళ్ళు చెప్పారంటాడు, తిరనాళ్ళ కమిటీ లెక్క ఎప్పుడూ అంతే.

ఆడిస్_మాష్టారు
సారా కాదు మధూ, ద్రాక్షసారాయి. ఆ చిడతలు నిజంగా మిగిలే ఉన్నాయి, ఏనుగు లేదా నీటిఏనుగు దంతంతో, చివర మనిషి చెయ్యి ఆకారంలో చెక్కినవి. టుటన్‌ఖామున్ సమాధిలోనూ ఒక జత దొరికింది. ఇంత గోలలోనూ ఒకచోట మాత్రం నిశ్శబ్దం పాటించేవారు. అబిదోస్‌లో ఒసిరిస్ గుళ్ళో పూజ మొదలుపెట్టేటప్పుడు పాట, గొట్టం, తీగవాయిద్యం ఏదీ ఉండకూడదని స్ట్రాబో అనే ఇంకో గ్రీకు రచయిత రాశాడు, మిగతా దేవుళ్ళకి అవి ఆనవాయితీ అయినా సరే.

తబలా_తమ్ముడు
టురిన్ మ్యూజియంలో ఒక పపైరస్ ఉంది, జంతువుల ఆర్కెస్ట్రా. గాడిద పెద్ద హార్ప్, సింహం లైర్, మొసలి లూట్, కోతి జోడు గొట్టాలు. సమాధులు చెక్కే పనివాళ్ళ ఊరు డేర్ ఎల్ మదీనాలోది అంటారు. పొద్దంతా సీరియస్‌గా కచేరీ బొమ్మలు గీసి గీసి రాత్రికి కసి తీర్చుకున్నట్టున్నారు.

డోలు_దొర
మళ్ళీ గాడిదే. సరే నా మొదటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. వాయిద్యాలు చేతిలో ఉన్నప్పుడు అచ్చు అలాంటివే చేసి వాయిస్తే స్వరాలు తెలిసిపోవా?

బ్యాండుమేళం_బుజ్జి
పిల్లనగ్రోవికి కొంతవరకు తెలుస్తుంది దొరగారూ, చిల్లుల దూరం కొలిచి అలాంటిదే చేసుకోవచ్చు. కానీ అదే చిల్లు మీద వేలు సగం మూసినా, ఊదే కోణం మార్చినా స్వరం జారిపోద్ది. జోడు గొట్టాలకి ఇంకా కష్టం, రెల్లు పీక ఎంత పొడుగు బయటికి ఉంచారో దాన్నిబట్టి శ్రుతే మారిపోతుంది, సన్నాయి వాళ్ళని అడగండి, పీక మారితే వాళ్ళ మొహమే మారుద్ది. ఈజిప్టు పల్లెల్లో ఇప్పటికీ జుమ్మారా అని రెండు రెల్లుగొట్టాలు పక్కపక్కన కట్టిన వాయిద్యం ఉంది, పాత బొమ్మల్లోదానికి దగ్గరగా ఉంటది. బుగ్గలు ఉబ్బించి ముక్కుతో గాలి పీలుస్తూ ఆపకుండా ఊదుతారు.

స్వరలహరి
తీగవాయిద్యాలది ఇంకా ఘోరం. హార్ప్ చెక్క దొరికింది, తీగ ఎంత బిగించారో ఎలా దొరుకుతుంది? బిగింపే కదా శ్రుతి. ఏడు స్వరాలు వాడారా అయిదా అన్నది కూడా చెక్క చూసి చెప్పలేం.

జై_తెలుగుతల్లి
ఇంతకీ ఆ హార్ప్ మన వీణే. అమరావతి శిల్పాల్లో అచ్చం అదే ఉంది. ఇక్కడినుంచే వెళ్ళింది అన్నీ, ఎవరూ ఒప్పుకోరు.

పాత_పేజీలు
ఉంది అన్నది నిజం, వెళ్ళింది అన్నది కాదు. ఈజిప్టులో విల్లు హార్ప్ బొమ్మలు 4500 ఏళ్ళ కిందటివి, అమరావతి స్తూపం శిల్పాలు రెండువేల ఏళ్ళ కిందటివి. లెక్క మీరే వేసుకోండి. అలాగని అక్కడినుంచి ఇక్కడికి వచ్చిందని కూడా ఆధారం లేదు, మెసొపొటేమియాలో కూడా ఉండేది. వేట విల్లు ఉన్న ప్రతిచోటా ఎవడో ఒకడు నారి మీటి చూసే ఉంటాడు.

స్వరలహరి
నాకు ఆసక్తిగా ఉన్నది ఏంటంటే మన దగ్గర అది ఎలా పోయింది అని. వీణ అంటే ఒకప్పుడు ఆ విల్లు ఆకారందే, సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్నది అదే, తమిళుల యాళ్ కూడా అదే. ఇప్పుడు మన సరస్వతి చేతిలో ఉన్నది వేరే జాతి వాయిద్యం. విల్లుది బర్మాలో సాంగ్ అనే పేరుతో ఇప్పటికీ వాయిస్తున్నారు, దాన్ని విన్నారా ఎవరైనా? ఎంత మెత్తగా ఉంటుందో.

కడప_కుర్రోడు
హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ ఉండాది కదా, దాని పక్కన వాయిద్యం ఏమన్నా పెట్టినారా?

కువైట్_కృష్ణ
లేదు తమ్మీ, ఒక్క మమ్మీనే. చిన్నప్పుడు స్కూల్ టూర్ల చూసి రాత్రి పన్నలే.

లండన్_లలిత
ఇంతసేపూ చదువుతూనే ఉన్నా, ఇప్పుడు రాస్తా. అమరావతి శిల్పాలు, ఈజిప్టు కచేరీ బొమ్మలు రెండూ ఇక్కడ బ్రిటిష్ మ్యూజియంలో ఒకే బిల్డింగ్‌లో ఉన్నాయి తెలుసా. నెబామున్ అనే ఈజిప్టాయన సమాధి గోడముక్కలు పైన 61వ గదిలో. విందులో నలుగురు ఆడవాళ్ళు నేలమీద కూర్చుని ఉంటారు, ఒకామె జోడు గొట్టాలు ఊదుతుంది, మిగతావాళ్ళు చప్పట్లు. మామూలుగా ఈజిప్టు బొమ్మల్లో మొహం పక్కకే ఉంటుంది కదా, వీళ్ళలో ఇద్దరు నేరుగా మనవైపు చూస్తారు, జడల కొసలు విడిపోయి ఉంటాయి, అరికాళ్ళు కనిపిస్తాయి. పైన వాళ్ళు పాడుతున్న పాట మాటలు కూడా రాసి ఉన్నాయి, నేల తడిసి పచ్చబడిందని, దేవుడి అందం అందరి ఒంట్లోకీ వచ్చిందని.

స్వరలహరి
అమరావతివి ఏ గదిలో లలితగారూ? విల్లు వీణ ఉన్న పలక ఫొటో దొరుకుతుందా? ఎన్ని తీగలు చెక్కాడో చూడాలని ఉంది.

లండన్_లలిత
33ఏ, కింద ఫ్లోరులో, అద్దాల గది. పలకలు పెద్దవి, జనం కిక్కిరిసి ఉంటారు చెక్కడంలో, వాయిద్యం వెతుక్కోవాలి. ఒక్కోసారి మూసి ఉంచుతారు కాబట్టి ముందు సైట్‌లో చూసుకుని శనివారం వెళ్తా. తీగలు లెక్కపెట్టేంత దగ్గరగా వస్తే జూమ్ చేసి పెడతా, రాకపోతే తిట్టుకోకండి.

డోలు_దొర
డోలు కనపడితే అది కూడా తియ్యమ్మా. ఈ థ్రెడ్‌లో డోలుని ఎవడూ పట్టించుకోలేదు.